తెల్లగా వచ్చిన గోడ

సోమవారం

ఫొటో ఆఫీసులో పనిచేసేవాళ్ళు రోజూ లాగ్ రాయాలని రూలు. దాన్ని ఎవరైనా చదవాలని మాత్రం రూలు లేదు. మా సూపరింటెండెంటు శేషగిరి గారు వారానికోసారి దీని మీద ముద్ర కొడతారు, లోపల ఏముందో చూడరు. ఒకసారి పరీక్ష కోసం "ఈ రోజు గోడ మీంచి ఏనుగు దూకింది" అని రాశాను. దాని కిందా ముద్ర పడింది. కాబట్టి ఇక్కడ నాకు తోచింది రాసుకుంటాను.

పొద్దున కెమెరా లెన్సు తుడిచాను. చంద్రుడి దుమ్ము పట్టిందంటే పెళ్ళికొచ్చి కదలని చుట్టంలా ఓ పట్టాన వదలదు. తుడిచాక కెమెరా బండిని పట్టాలెక్కించి వదిలాను. అది ఊరి గోడ పొడుగునా ఒక చుట్టు తిరిగొచ్చింది. గోడకు ఇవతల కొత్త రేపల్లె: నాలుగు వాడలు, మేం పీల్చే గాలిని శుభ్రం చేసే గాలి మరలు, పెసర మడులు, ఊరి నిండా గొడవలు. అవతల చంద్రుడి నేల. అక్కడ గాలి లేదు కాబట్టి గొడవలూ లేవు. గోడ పగిలితే ఇక్కడా ఉండవు.

బండి తెచ్చే బొమ్మలు బూడిద రంగులో వస్తాయి. సున్నా అంటే కాటుక నలుపు, రెండు వందల యాభై అయిదు అంటే పాల తెలుపు, మధ్యలో ఉన్నవన్నీ బూడిదలో రకాలు. వెనకటికి ఇంజనీర్లు ఆ బొమ్మలు చూసి "ఇక్కడ కాస్త అనుమానంగా ఉంది" అనేవాళ్ళట. ఆ "కాస్త", ఆ "అనుమానం" మా పాలకవర్గానికి గిట్టలేదు. పగులుందా లేదా, ఏదో ఒకటి చెప్పి చావండి అన్నారు. అలా పుట్టింది గీటు. నూట ఇరవై ఎనిమిది. బొమ్మలో ఆ అంకెకు తక్కువున్న ప్రతి చుక్కా నలుపు కింద లెక్క, ఎక్కువున్న ప్రతి చుక్కా తెలుపు కింద లెక్క. నలుపంటే పగులు, తెలుపంటే క్షేమం. మరలో వేసి రెండు రంగులకు మార్చి, సీలు పడగానే బూడిద బొమ్మను చెరిపెయ్యాలి. అది మిగిలితే మళ్ళీ ఎవడో ఒకడు "కాస్త" అంటాడని భయం.

ఈ వారమూ పడమటి వాడ నల్లగా వచ్చింది. పగిలి కాదు. ఆ వాడకు దీపాలు తక్కువ, ఉన్నవాటిలో సగం గుడ్డివి. గోడ మీద నీడ పడితే అంకె గీటు కిందికి పోతుంది, నీడ కాస్తా పగులైపోతుంది. వాడ నల్లబడితే జనమంతా ఇళ్ళు వదిలి ఊరి మధ్య మండపంలో పడుండాలి. మరమ్మతు ముఠా వచ్చి గోడంతా తడిమి "ఏమీ లేదు" అని సంతకం పెట్టేదాకా ఇళ్ళకు పోకూడదు. పాపం, ముఠాకు ఆ సంతకం ఒకటే వచ్చు.

వాడ వెలుతురును బట్టి వాడకో గీటు పెట్టండని ఎన్నోసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "వాడకో గీటంటే రేపు మనిషికో గీటంటారు" అన్నారు అధ్యక్షులు గోవర్ధనరావు గారు. "ఒకే ఊరు, ఒకే గీటు" అని మండపం గుమ్మం మీద రాయించారు కూడా. ఆయన ఉండేది తూర్పు వాడ. అక్కడ దీపాలు పెళ్ళిపందిరిలా వెలుగుతుంటాయి. పోయినేడు ఆయన స్నానాల గది ఆవిరికి గోడ మసకబారి నల్లగా వచ్చే ప్రమాదం ఏర్పడితే, ఆ ఒక్క వారం గీటు తొంభైకి దిగింది. ఆ వారం ఊళ్ళో గోడలన్నిటికీ ఒక్కసారిగా ఆరోగ్యం వచ్చేసింది.

బుధవారం

మా చెల్లెలు కోమలి ఆఫీసుకొచ్చింది. వెంట మేస్త్రీ మస్తానయ్య ఉన్నాడు. పడమటి వాడకు ఆయనే పెద్దమనిషి. కోమలికి ఆ వాడలోనే, గోడకు ఆనించి, పెసరట్ల కొట్టుంది. వాడ నల్లబడినప్పుడల్లా పెనం ఆర్పి మండపంలో కూర్చోవడం దాని రాత.

"అక్కా, ఆ గీటేదో కాస్త కిందికి జరపరాదా? నీ చేతిలో పనేగా?" అంది.

"నా చేతిలో ఉన్నది లెన్సు తుడిచే గుడ్డ."

"మా గోడకేం రోగం లేదక్కా. దీపాల్లేకే నల్లగా వస్తుండాది. నువ్వే అన్నావు."

"అన్నాను. కానీ ఊరంతటికీ ఒకటే గీటు. మీ నీడ కోసం దాన్ని దించితే, ఇంకోచోట నిజంగా పగిలిన గోడ కూడా తెల్లగా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు పోయేది నీ పెసరట్లు కావు, ప్రాణాలు."

కోమలి మూతి ముడుచుకుంది. మస్తానయ్య తలగుడ్డ సర్దుకుని నింపాదిగా అడిగాడు. "అయితే బొమ్మలో మా గోడ తెల్లగా రావాలంటే ఏం చెయ్యాలమ్మా?"

అప్పటికే ఆ ప్రశ్న పొద్దుటినుంచి నలుగురు అడిగారు. నలుగురికీ నీడ సంగతి, గీటు సంగతి నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. నలుగురూ తలలూపి, చివర్లో మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఒళ్ళు మండిపోయింది.

"పండగొచ్చిందనుకుని గోడకు సున్నం కొట్టుకోండి. తెల్లగా రాక ఏం చస్తుంది!" అన్నాను.

ఆయన నవ్వలేదు. కోమలీ నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అట్టాగేనమ్మా" అని వెళ్ళిపోయారు. ఎకసెక్కం కూడా అర్థం కాని జనంతో వేగుతున్నాను.

సోమవారం

పడమటి వాడ బొమ్మలు చూసి మర చెడిపోయిందనుకున్నాను. ఒక్క నల్లచుక్క లేదు. అడుగున ఒక సన్నటి నల్ల పట్టీ మాత్రం ఉంది. చూడ్డానికి పోయాను.

కొట్టేశారు. నిజంగానే సున్నం కొట్టేశారు!

మనం వదిలే చెడుగాలిని పీల్చుకోవడానికి గాలి మరల్లో సున్నం పోస్తారు. పీల్చి పీల్చి పని అయిపోయిన సున్నాన్ని మరల వెనక గుట్టలుగా పారేస్తారు. ఆ గుట్టల్లోంచి తట్టలకెత్తుకుని, గంజిలో కలిపి, ఆడా మగా ఒకటై గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నాలుగు పూతలు వేశారు. అంతటితో ఆగక అడుగున ఎర్రరంగు అంచు దిద్దారు. బొమ్మలో నల్లగా వచ్చిన పట్టీ అదే. చంద్రుడి మీదకొచ్చినా అంచు లేని సున్నం మనవాళ్ళకు కంటికి ఆనదు.

శేషగిరి గారి ఆనందం చెప్పలేను. "ఆ అంచు కూడా తీయించేస్తే సంపూర్ణంగా ఉంటుందండీ" అన్నారు. సాయంత్రానికి అంచు మీదా సున్నం పడింది.

గోడను చూడాల్సిన కెమెరా ఇక మీదట సున్నాన్ని చూస్తుంది. సున్నం ఎప్పుడూ క్షేమంగానే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ఈ మాట శేషగిరి గారితో అంటే, "సామెతలు లాగ్‌లో రాసుకోండి, నాతో పని మాట్లాడండి" అన్నారు. రాసుకున్నాను.

గురువారం

మండపంలో సన్మానం. అంతకాలం నల్లగా ఉండి తెల్లబడినందుకు పడమటి వాడకు అధ్యక్షుల వారి అభినందనలు. మస్తానయ్యకు శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని ఒక ఘనకార్యం చేశాడు.

"ఇందులో మాదేం లేదండీ. ఫొటో ఆఫీసు భ్రమరాంబమ్మగారు సున్నం కొట్టుకోమన్నారు, కొట్టుకున్నాం. అంతా ఆ తల్లి దయ."

చప్పట్లు. నన్ను వేదిక మీదికి లాక్కుపోయారు. నాకూ ఒక శాలువా పడింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే ఊరని ఇన్నాళ్ళూ నవ్వాను. ఈసారి ఎద్దు ఈనిందన్నది నేనే.

అధ్యక్షుల చెవిలో చెప్పాను. "సార్, నేను వేళాకోళానికన్నాను. సున్నం కింద పగులున్నా ఇక మనకు కనిపించదు. వెంటనే గీకించండి."

ఆయన చిరునవ్వు నవ్వి, మైకులో, "చూశారా, ఎంత వినయమో!" అన్నారు. మళ్ళీ చప్పట్లు. తక్కిన మూడు వాడలకూ వారం లోపల సున్నం పడాలని అక్కడికక్కడే హుకుం జారీ చేశారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఇక్కడ ఊరంతటికీ సరిపడా రోకళ్ళు ఉన్నాయి.

శనివారం

కోమలి కొట్టుకు పోయి ఒక అట్టు తిన్నాను. కొట్టు కిటకిటలాడుతోంది. వాడ నల్లబడకపోయేసరికి దానికి చేతినిండా పని, మొహం నిండా కళ. అయినా సణగడం మానలేదు.

"అంతా బాగుండాది గానీ అక్కా, ఇదిగో ఈ మసిగీతొకటి నా ప్రాణం తీస్తుండాది. పొద్దున సున్నం పూస్తానా, సాయంత్రానికి మళ్ళా తేలుద్ది. తుడిచినా పోదు, గీకినా పోదు."

పెనం వెనక తెల్లగోడ మీద దారమంత సన్నగా, మనిషెత్తు దాకా వంకరగా పాకిన బూడిద రంగు గీత. పొగ పట్టిన మరక.

"కొట్టుకు పొగగొట్టం పెట్టించుకోలేని పిసినారికి మసిగీతలు కాక ముగ్గులు పడతాయా?" అన్నాను.

"నీ దగ్గర చెప్పుకోటమే నా తప్పు" అని ఇంకో అట్టు విసిరినట్టుగా వేసింది.

సోమవారం

ఆ మసిగీత ఏమిటో ఈ రోజు తెలిసింది. నా తెలివికి శాలువా కాదు, చెప్పులదండ వెయ్యాలి.

పడమటి వాడ బొమ్మలు మరలో వెయ్యకముందు, బూడిదలో ఉండగానే చూశాను. సున్నం రెండు వందల ఇరవై దగ్గరుంది. దాని మీద కోమలి కొట్టు వెనక నుంచి ఒక సన్నటి దారం. నూట ఎనభై ఆరు. అది కొట్టు దగ్గర ఆగలేదు. పక్కనున్న నాలుగిళ్ళు దాటి, మస్తానయ్య ఇంటి వెనక దాకా పోయింది. వంటపొగ గోడకు పడితే మచ్చలా పరుచుకుంటుంది. దారంలా సాగదు. అలా సాగాలంటే ఆ దారం వెంట గాలి బయటికి పోతూ ఉండాలి. పోయే గాలి పొగను తనతో లాక్కుపోయి పగులు అంచులకు పూస్తోంది. రోజూ సున్నం పూసినా రోజూ తేలుతోందంటే గాలి రోజూ పోతోంది.

మరలో వేసి చూశాను. నూట ఎనభై ఆరు గీటుకు చాలా పైన కదా. దారం మాయం. తెలుపు. క్షేమం.

శేషగిరి గారి బల్ల మీద బూడిద బొమ్మ పెట్టాను. ఆయన చటుక్కున కళ్ళు మూసుకున్నారు.

"బూడిద బొమ్మ నేను చూడకూడదండీ. చూస్తే సాక్షినైపోతాను."

"గోడ పగిలిందండీ."

"నల్లగా వచ్చిందా?"

"రాలేదు. సున్నం పూశారు కాబట్టి రాలేదు."

"అయితే పగల్లేదు." కళ్ళు మూసుకునే చెప్పారాయన. కళ్ళు తెరిచినా ఆయన చూపుకు పెద్ద తేడా ఉండదు.

అధ్యక్షుల దగ్గరికి పరిగెత్తాను. ఆయన పాపం చాలా ఓపిగ్గా విన్నారు. "తెల్లగా ఉన్నదాన్ని నల్లగా చూడటం ఒక జబ్బమ్మా. సున్నం సలహా మీదే, ఇప్పుడు వద్దనేదీ మీరే. మరమ్మతు ముఠాను తెల్లగోడ మీదికి పంపితే రేపు రూలుకు విలువేముంటుంది?" అన్నారు. ప్రాణానికి ఏం విలువుంటుందో అడిగాను. ఆ సంగతి తమ పరిధిలోకి రాదన్నట్టు చూశారు.

చివరికి కోమలి దగ్గరికి పోయాను. అక్కడే నాకు అసలు దెబ్బ తగిలింది.

"కొట్టు మూసి ఇప్పుడే మా ఇంటికి రా. నీ వెనక గోడ పగిలింది."

అది గరిటె ఆపకుండా పిండి తిప్పుతూనే ఉంది. "పోయినసారి పొగగొట్టం లేక మసన్నావుగా?"

"అప్పుడు ఊరికే అన్నాను."

"సున్నం కొట్టుకోమన్నావు?"

"అదీ ఊరికే అన్నాను."

కోమలి గరిటె కింద పెట్టింది. "ఊరికే, ఊరికే! నీ కళ్ళకి అందరం వెధవలమే అక్కా. చిన్నప్పట్నించీ అంతే. నోరు తెరిస్తే ఎకసెక్కం. నువ్వు ఎప్పుడు నిజం చెప్తుండావో, ఎప్పుడు ఎక్కిరిస్తుండావో మాకెట్టా తెలియాల? నాలుగు రూకలు చూస్తుండాను, నీకు కళ్ళు మండుతుండాయా? పో, నేను రాను."

దాని వెనక ఆ దారం, పొద్దున పూసిన సున్నంలోంచి కూడా తేలి కనిపిస్తోంది. నాకున్నది ఒక్క చెల్లెలు. అది ఆ గోడకు వీపు ఆనించి అట్లు పోస్తోంది.

మంగళవారం

మాటతో కదలని ఊరిని గీటుతో కదిలించాను.

నిన్నటి బొమ్మలకు సీలు పడేది ఈ రోజు. అంతవరకు బూడిద బొమ్మలు మరలోనే ఉంటాయి. గీటు మరకు ఒక మీట ఉంది. దానికి తాళం లేదు, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదని పెద్దల నమ్మకం. నూట ఇరవై ఎనిమిది దగ్గరున్న దాన్ని రెండు వందలకు తిప్పాను. బొమ్మలన్నీ మళ్ళీ మరలో వేశాను. నూట ఎనభై ఆరు ఇప్పుడు గీటుకు కింద. కోమలి వెనక దారం కరెంటు తీగలా నల్లగా లేచింది.

దాంతోపాటు ఊరూ లేచింది. ఒకే ఊరు, ఒకే గీటు కదా. తూర్పు వాడ సున్నం పలచన, నూట తొంభై దాటలేదు. అధ్యక్షుల ఇల్లున్న గోడ బొగ్గులా వచ్చింది. ఉత్తరం వాడ సగం, దక్షిణం వాడ ముప్పాతిక.

నల్లటి బొమ్మల కట్ట తీసుకెళ్ళి శేషగిరి గారి ముందు పెట్టాను. ఆయన రోజూ లాగే తల ఎత్తకుండా, చూడకుండా, టకటకా ముద్రలు కొట్టేశారు. ఈ ఊరి మూర్ఖత్వం మీద నాకు మొట్టమొదటిసారి ప్రేమ పుట్టింది.

ఆఖరి ముద్ర పడగానే సైరన్ మోగింది. నాలుగు వాడల జనమూ పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో మండపంలోకి వచ్చిపడ్డారు. అధ్యక్షులు తలకు నూనె రాసుకుని, స్నానానికి తువ్వాలు కట్టుకుని ఉండగా సైరన్ వినిపించిందట. ఆ తువ్వాలుతోనే వచ్చారు. సీలు పడిన బొమ్మను కాదనడానికి ఆయనకూ అధికారం లేదు. ముఠా సంతకమైనా పడాలి, మళ్ళీ బండి తిప్పి తీసిన కొత్త బొమ్మైనా తెల్లగా రావాలి. అంతదాకా నల్లవాడలోకి ముఠా తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు.

గీటు జరిపింది నేనేనని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. దాచలేదు కూడా. ఊరంతా కలిసి తిట్టింది. "శాలువా నెత్తికెక్కింది" అన్నారు. రేపటి నుంచి నాకు ఉద్యోగం లేదన్నారు అధ్యక్షులు. తువ్వాలు కట్టుకున్న మనిషి అంటే ఆ మాటకు అంత బరువుండదు.

కోమలి నా వైపు చూడలేదు. దూరంగా స్తంభం పక్కన కూర్చుంది. చూడకపోతే మానె, అది గోడకు దూరంగా ఉంది. నాకది చాలు.

బుధవారం

మరమ్మతు ముఠా పని మొదలుపెట్టింది. ఎక్కడి నుంచి? అధ్యక్షుల ఇంటి నుంచి. తూర్పు వాడ పూర్తయి, వాళ్ళ సంతకం "ఏమీ లేదు" వచ్చేసరికి పొద్దెక్కింది. పడమటి వాడ ఆఖరట. ఒక్క దారం తప్ప అంతా తెల్లగా ఉన్న వాడకు తొందరేముందట.

తలతిప్పి చూస్తే స్తంభం పక్కన కోమలి లేదు. మస్తానయ్య పడమటి తలుపు దగ్గర, అంటే మండపం నుంచి ఆ వాడకు పోయే గాలి చొరని తలుపు దగ్గర, కాపలా ఉన్నాడు. పరిగెత్తుకుపోయి అడిగాను.

"రుబ్బిన పిండి పులిసి పారబోసుకోవాల్సొస్తదని ఏడిచిందమ్మా. తెచ్చుకుని ఒక్క క్షణంలో వస్తానంటే వదిలా" అన్నాడు.

ఆయన్ని తిట్టడానికి నోట్లో నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మింగేసి లోపలికి పరిగెత్తాను.

కోమలి పిండి గిన్నె పక్కన పెట్టుకుని, సున్నం కుంచెతో గోడ దగ్గర కూర్చుని ఉంది. వచ్చినపని వదిలేసి ఆ గీతకు మళ్ళీ పూత వేస్తోంది.

"కోమలీ, లే. నాకు భయంగా ఉంది."

అది తిరిగి చూసింది. నేను భయమన్న మాట అనగా అది పుట్టి బుద్ధెరిగి వినలేదు. "ఎక్కిరిస్తుండావా?"

"లేదమ్మా. ఒట్టు. లే."

"ఒట్లు కూడా ఎక్కిరింపుకే వేస్తావు నువ్వు."

నిజమే, వేస్తాను. ఇక మాటల మీద నాకే నమ్మకం పోయింది. కొట్టులో డబ్బా తెరిచి, గుప్పెడు పొడి బియ్యప్పిండి తీసి గోడకు జానెడు దూరంలో గాల్లోకి చల్లాను. ఈ నేల మీద ఏదైనా నిదానంగానే కిందికి దిగుతుంది. కానీ ఆ పిండి కిందికి దిగలేదు. గాల్లో ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగి, సన్నటి పాయగా గోడలోకి పోయింది. ఇంకో గుప్పెడు చల్లాను. అదీ పోయింది. కోమలి తన చెయ్యి ఆ గీత మీద పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"లాగుతుండాదక్కా" అంది.

పిండి గిన్నె అక్కడే వదిలేసింది. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరిగెత్తాం. తలుపు దాటగానే మస్తానయ్యా నేనూ కలిసి మూసి చక్రం బిగించాం. అరగంట కూడా కాలేదు. కాళ్ళ కింద నేల ఒక్కసారి అదిరింది. తలుపు పెద్దగా మూలిగింది. దాని పైన ఎర్రదీపం వెలిగింది. అది వెలిగిందంటే అవతల గాలి లేదని అర్థం. మస్తానయ్య నేల మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కోమలి నా భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. రాయడానికి సిగ్గేం లేదు.

మేం ముగ్గురం మండపం మధ్యకు వచ్చి సంగతి చెప్పాం. అధ్యక్షులు చెయ్యెత్తి ఆపారు. "వదంతులు వద్దు. నేల అదరడం ఇక్కడ మామూలే. దీపం పాడై ఉంటుంది. బొమ్మ రానివ్వండి."

బొమ్మ రానే వచ్చింది. గీటు తిరిగి నూట ఇరవై ఎనిమిదికి దించి, శేషగిరి గారు స్వయంగా బండి తిప్పించారు. పట్టాలు తెగలేదు కాబట్టి బండి పడమటి వాడ కూడా తిరిగొచ్చింది. దానికి గాలి అక్కర్లేదు. ఆయన మొహం వెలిగిపోతుండగా బొమ్మ ఎత్తి అందరికీ చూపించారు.

తెలుపు. అంత తెల్లటి బొమ్మ నా సర్వీసులో చూడలేదు. బయట ఇప్పుడు చంద్రుడి పగలు, ఎండ నిప్పులు చెరుగుతోంది. గోడ ఉన్నంత మేర సున్నం తెల్లగా వచ్చింది. గోడ ఎగిరిపోయిన మేర బయట ఎండకు మెరిసే చంద్రుడి నేల ఇంకా తెల్లగా వచ్చింది. రెండింటికీ తేడా చెప్పగలిగిన బూడిద బొమ్మను శేషగిరి గారు రూలు ప్రకారం అప్పటికే చెరిపేశారు.

"ఒక్క నల్లచుక్క లేదండీ" అన్నారు. ముద్ర కొట్టారు.

అధ్యక్షులు మైకు తీసుకున్నారు. "పడమటి వాడ క్షేమం. ఆ వాడ వారు వెంటనే మండపం ఖాళీ చేసి తమ తమ ఇళ్ళకు వెళ్ళవలసిందిగా ఆదేశిస్తున్నాను."

ఎవరూ కదల్లేదు. నేను నోరు తెరవబోతే కోమలి నా చెయ్యి నొక్కి తనే లేచింది. కొంగు నడుముకు దోపుకుని, జనాన్ని దాటుకుని పోయి పడమటి తలుపు పక్కన నిలబడింది. చక్రం మీద చెయ్యి వేసింది.

"అట్టాగే సార్. బొమ్మ మీద నమ్మకంతో చెప్తుండారు గదా. ముందు మీరు దయచెయ్యండి, మీ వెనకే మేం వస్తాం."

అధ్యక్షులు చేతిలో బొమ్మ వంక చూశారు. తలుపు మీద ఎర్రదీపం వంక చూశారు. మళ్ళీ బొమ్మ వంక చూశారు.

లాగ్‌లో రాయాల్సినంత వరకు ఇదీ సంగతి. బొమ్మ తెలుపు. సీలు పడింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.